అద్దానికి అంటని పటం

ఎండ తగిలే గోడమీద ఏళ్ళ తరబడి వేలాడిన శివకాశి కేలండరులో లక్ష్మీదేవి చీర ఎరుపూ, ఒంటి పసిమీ పోయి, చివరికి ఆవిడా కృష్ణుడి రంగుకే వస్తుంది. అచ్చు సిరాల్లో పసుపు, ఎరుపు వెలుగుకు ముందుగా వెలిసిపోతాయి, నీలం ఎక్కువకాలం నిలుస్తుంది. మామూలు అద్దం ఎంత మందంగా ఉన్నా ఈ నష్టాన్ని ఆపలేదు. తమిళనాట పెరియకుళం లాంటి ఊళ్ళో పటం కట్టించేటప్పుడు బేరమంతా చెక్క నగిషీ మీదే నడుస్తుంది గానీ, బొమ్మ ఆయుష్షు అద్దానికీ కాగితానికీ మధ్య వదిలే సందులోనూ, వెనక వేసే అట్టలోనూ ఉంటుంది.

తమిళ పంచాంగపు ఐప్పసి, కార్తీక మాసాల వానల్లో కొండల దిగువనున్న ఈ ఊరి గోడలు చెమ్మ పీలుస్తాయి. ఫొటో పైపొరలోని జెలటిన్ ఆ చెమ్మకు మెత్తబడి అద్దాన్ని పట్టేస్తుంది; తరవాత ఊడదీస్తే ముఖమే చిరిగి వస్తుంది. బొమ్మ చుట్టూ కిటికీలా కోసిన మందపాటి అట్ట పెడితే ఆ సందు దొరుకుతుంది. వెనక చవక గడ్డి అట్టో పాత పేపరో వేస్తే వాటి ఆమ్లం కాగితాన్ని గోధుమరంగుకు తిప్పుతుంది కాబట్టి ఆమ్లం లేని అట్ట కావాలి. సెల్లోటేపు జిగురు పసుపుపచ్చ మరకై లోపలికి దిగుతుంది. పురాతన చిత్రాలను బాగుచేసేవాళ్ళు పల్చటి జపాన్ కాగితపు ముక్కలను గోధుమ గంజితో అంటిస్తారు, తడిపితే ఊడివచ్చేలా. ఫొటోలకైతే నాలుగు మూలలకూ కాగితపు జేబులు చాలు. పటం కట్టనివాటిని పీవీసీ కవర్లలో కాక పాలిప్రొపిలీన్ కవర్లలో పెట్టి, ఇంటి నడిమి గదిలో బీరువాలో ఉంచాలి.

ఏడాది తిరగ్గానే పారేసే కేలండరుకు ఇంత హంగామా ఎందుకని అడగొచ్చు. పారేయడానికే అచ్చేశారు గనకే మిగిలినవాటికి విలువ. కోవిల్‌పట్టిలో కొండయ్యరాజు (1898–1976), ఆయన శిష్యులు గీసిన దేవతలు దక్షిణాది ఇళ్ళకు చేరింది ఈ కేలండర్ల మీదే. పైగా నాయకరాజుల కాలం నుంచి ఇక్కడున్న తెలుగు ఇళ్ళలో చాలామందికి మాట తెలుగు, రాత తమిళం. తెలుగులో రాసిపెట్టిన కుటుంబ చరిత్ర అరుదైనచోట తాతముత్తాతల ఫొటోలే దస్తావేజులు.

అంతకంటే గట్టి అభ్యంతరం పూజది: పటానికి బొట్టు పెట్టాలి, దండ వేయాలి, దీపం చూపాలి. బొట్టు పడేది అద్దం మీద, కాగితం మీద కాదు. పొగ దూరేది వెనక సందుల్లోంచి, అక్కడ కాగితపు పట్టీ అంటిస్తే సరిపోతుంది. అసలుది దాచేసి నకలును గోడకు కట్టొచ్చుగా అనేవాళ్ళూ ఉంటారు. జపానులో అసకుసలోని మరుబెల్‌దో అంగడి 1921 నుంచి తారల ఫొటోలు అమ్ముతోంది. అక్కడి వీరాభిమానులు నచ్చినదాన్ని చూడటానికొకటి, దాచడానికొకటి, ఇంకొకరిని అభిమానిగా మార్చడానికొకటి కొనడం మామూలే. తారల బొమ్మలకు ఆ పద్ధతి బాగుంది. అవ్వ మొక్కిన పటానికి మాత్రం నకలు సాటిరాదు. దాన్ని గోడమీదే ఉంచి, లోపలి అట్ట మార్చాలి. కాగితానికి ఎప్పుడో అంటిన పసుపు మరకను రుద్దకూడదు, అదీ ఆ పటం చరిత్రే. విప్పినప్పుడు పాత అట్టమీద పటం కట్టిన అంగడి పేరో తేదీయో కనిపిస్తే ఆ ముక్క కత్తిరించి వేరే కవరులో దాచాలి.