రంధ్రమా, కటకమా?

రైఫిల్ గురిలో కంటికి సాయపడే పరికరాలు ప్రధానంగా రెండు: లోహపు సైట్లు, టెలిస్కోపిక్ సైట్లు (స్కోప్‌లు). ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో రెండోదానికి చోటు లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచింది లోహపు సైట్లతోనే. అక్కడ పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు!

ఈ సైట్లది చూడ్డానికి సాదాసీదా పనితనం. వెనుక బిళ్లలో సన్నని రంధ్రం, ముందు గొట్టంలో ఒక ఉంగరం, దూరాన నల్లటి గుండ్రం. వెలుగు సన్నని రంధ్రం గుండా వస్తే దగ్గరిదీ దూరానిదీ ఒకేసారి తేటగా కనిపిస్తాయి. ఇక గుండ్రంలో గుండ్రాన్ని నడిమికి చేర్చడం కంటికి ఎవరూ నేర్పనక్కర్లేని విద్య. రంధ్రం మరీ చిన్నదైతే చీకటి, పెద్దదైతే మసక. ఏది సరైనదో ఆనాటి వెలుతురే చెబుతుంది.

స్కోప్ తనలోని గురి గీతలనూ లక్ష్యాన్నీ ఒకే తలంలో చూపుతుంది. చూపు ఎక్కడ నిలపాలన్న బెంగ తీరుతుంది. అయితే పారలాక్స్ సరిచేయకపోతే కన్ను కాస్త జరిగినా గీత లక్ష్యం మీద జరిగినట్టే ఉంటుంది. పెద్దగా చూపేకొద్దీ వణుకూ పెద్దగానే కనిపిస్తుంది. అది స్కోప్ తప్పు కాదు. కొనేవారు ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందన్న అంకెకే మురిసిపోతారు గాని, అసలు పరీక్ష సర్దుబాటు నాబ్‌లది. నాబ్‌పై 0.1 మిల్ (కోణపు కొలత) క్లిక్ 100 మీటర్ల దగ్గర గురిని 1 సెంటీమీటరు జరపాలి. ఎన్ని క్లిక్కులు తిప్పినా, వెనక్కి తిప్పితే మొదటి చోటికే రావాలి. అలా రాని స్కోప్ ఎంత తేటగా చూపినా గురికి పనికిరాదు.