ముల్లును కదిలించే కారణం

ఇంటి కంప్యూటర్లో విమానం నడిపించే ప్రోగ్రాములను చాలామంది మేఘాల అందం చూసి, రన్‌వే మీద పడ్డ ఎండ చూసి మెచ్చుకుంటారు. వాటిని కట్టినవాళ్ల అసలు పనితనం మాత్రం కాక్‌పిట్‌లోని ఒక చిన్న ముల్లు దగ్గర బయటపడుతుంది. వేగం చూపే ముల్లును 60 మీద నిలపడానికి రెండు దారులున్నాయి. విమానం వేగం 60 కనుక ముల్లును అక్కడ గీసేయడం మొదటి దారి. రెక్క కింద ముందుకు తెరుచుకున్న పిటో గొట్టంలో ఎదురుగాలి కలిగించే పీడనం ఎంత, విమానం పక్కనున్న సన్నని రంధ్రం దగ్గర మామూలు పీడనం ఎంత అని లెక్కకట్టి, ఆ తేడాతో ముల్లును కదిలించడం రెండో దారి. సముద్రమట్టం దగ్గర, అన్నీ సవ్యంగా ఉన్నంతసేపు రెండూ దాదాపు ఒకే అంకె చూపిస్తాయి. పిటో గొట్టం మూసుకుపోయిన రోజున మొదటి ముల్లుకు ఆ సంగతే తెలియదు. రెండోది నిజమైన విమానంలో ఎలా తప్పుతుందో అలాగే తప్పుతుంది. మంచి సిమ్యులేటర్ విమానం చేసేవాళ్లు ముల్లు ముందు గంటలకొద్దీ కూర్చునేది ఈ రెండో దారి కోసమే.

1979లో బ్రూస్ ఆర్ట్‌విక్ ఆపిల్-2 కంప్యూటర్ కోసం ఫ్లైట్ సిమ్యులేటర్ చేసినప్పుడు నేలంటే తెర మీద కొన్ని గీతలే. 1982లో ఆయన పనే మైక్రోసాఫ్ట్ పేరుతో ఐబీఎం పీసీ మీదికి వచ్చింది. 1990ల మధ్యలో ఆస్టిన్ మేయర్ చేసిన ఎక్స్-ప్లేన్, రెక్కనూ తోకనూ ప్రొపెల్లర్‌నూ చిన్న చిన్న ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్క మీద గాలి బలాన్ని విడిగా లెక్కించే పద్ధతిని ఇళ్లలోకి తెచ్చింది. ఆ రోజుల్లోనే, 1996లో ఒక ప్రతిపాదనగా మొదలై మరుసటి ఏడాది తొలిసారి విడుదలైంది ఫ్లైట్‌గేర్. అనేక దేశాల ఔత్సాహికులు జీతం లేకుండా కట్టినది, ఇవాళ్టికీ ఉచితం. దాని సోర్స్ కోడ్ మొత్తం అందరికీ అందుబాటులో ఉంటుంది కాబట్టి లోపల ఏం జరుగుతోందో మూత తీసి చూడొచ్చు. అందులోని సెస్నా 172పీ విమానాన్ని అలా విప్పి చూద్దాం.

సెస్నా 172 తయారీ 1956లో మొదలైంది. ఇప్పటికి 44,000కు పైగా తయారయ్యాయి. మరే విమానమూ ఇన్ని రాలేదు. పీ అనేది 1980ల నాటి మోడల్. కాక్‌పిట్‌కు పైన రెక్క, ముందు నాలుగు సిలిండర్ల లైకమింగ్ ఇంజిన్, 160 హార్స్ పవర్, కోణం మారని రెండు రేకుల ప్రొపెల్లర్. బయల్దేరేటప్పుడు మొత్తం బరువు 2,400 పౌండ్లు దాటకూడదు. నిర్మాణం ఇంత సాదాగా ఉండటం వల్లే ఇందులో ప్రతి కారణాన్నీ దాని ఫలితం దాకా వేలు పెట్టి చూపించవచ్చు.

ముందుగా రెక్క. ఈ విమానం కదలికలను లెక్కించే భాగం పేరు జేఎస్‌బీసిమ్. మామూలుగా అది సెకనుకు 120 సార్లు ఒకే పని చేస్తుంది: విమానం మీద పనిచేసే బలాలన్నిటినీ కూడి, ఈ క్షణంలో అది ఎటు కదలాలో, ఎటు తిరగాలో తేలుస్తుంది. రెక్క ఇచ్చే బలానికి ఒక పట్టిక ఉంటుంది. గాలికి రెక్క ఎంత కోణంలో ఎదురు నిలిచింది, రెక్క వెనక అంచున ఉండే ఫ్లాప్స్‌ను ఎంత దించారు అన్న అంకెలు ఇస్తే పట్టిక ఒక గుణకం ఇస్తుంది. దాన్ని ఎదురుగాలి పీడనంతో, రెక్క వైశాల్యంతో గుణిస్తే బలం వస్తుంది. పట్టికలో లేని కోణానికి అటూ ఇటూ ఉన్న రెండు అంకెల మధ్య నుంచి విలువ తీసుకుంటారు.

ఇందులో నాకు ఎంతో నచ్చిన సూక్ష్మం స్టాల్ దగ్గర ఉంది. ముక్కు మరీ పైకెత్తితే గాలి రెక్క పైభాగాన్ని వదిలేస్తుంది, రెక్క పైకెత్తే బలం, అంటే లిఫ్ట్, పడిపోతుంది. అప్పుడు ముక్కు కాస్త దించగానే అంతా సర్దుకుంటుందా? సర్దుకోదు. ఒకసారి విడిపోయిన గాలి తిరిగి రెక్కను అంటుకోవాలంటే, విడిపోయిన కోణం కన్నా బాగా తక్కువ కోణానికి దిగాలి. అందుకే రెక్క పట్టికలో రెండు వరుసలున్నాయి: గాలి అంటుకుని ఉన్నప్పటిది ఒకటి, విడిపోయాక వాడేది మరొకటి. ఏ వరుసలో ఉండాలన్నది రెక్క ఇప్పుడే దాటొచ్చిన దశను బట్టి తేలుతుంది. అంటే ఈ రెక్కకు జ్ఞాపకం ఉంది. స్టాల్ నుంచి బయటపడేటప్పుడు పైలట్ ముక్కును ధైర్యంగా దించాలని శిక్షకులు ఎందుకు చెబుతారో ఈ రెండు వరుసలు చూస్తే అర్థమవుతుంది.

తరువాత ఇంజిన్. థ్రాటిల్ ముందుకు నెడితే శబ్దం పెంచి ఊరుకునే నమూనా కాదిది. సిలిండర్లలోకి వెళ్లే గాలి పరిమాణం, దానికి తగ్గ పెట్రోలు, మిశ్రమం చిక్కదనం, దాని నుంచి శక్తి, సిలిండర్ వేడి, ఆయిల్ వేడి వరుసగా లెక్కకొస్తాయి. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. మిక్స్చర్ పిడిని వెనక్కి లాగి సరిచేయాలి. బయల్దేరే ముందు ఇంజిన్‌ను 1700 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే రెండు మాగ్నెటోలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. ప్రతి సిలిండర్‌కూ రెండు స్పార్క్ ప్లగ్గులుంటాయి కాబట్టి, ఒక మాగ్నెటోను ఆపితే ఇంజిన్ ఆగదు గానీ కొంచెం నీరసపడుతుంది. ఆ నీరసం 125 ఆర్‌పీఎం దాటకూడదని పైలట్ల పుస్తకం నియమం. తెర మీద కూడా ముల్లు ఆ కొంచెమే వంగుతుంది.

గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటర్‌లో మంచు కట్టడం ఇంకా సున్నితమైన సంగతి. ఇరుకు గొంతులో గాలి వ్యాకోచించి, పెట్రోలు ఆవిరై, లోపలి ఉష్ణోగ్రత గబగబా పడిపోతుంది. బయట 20 డిగ్రీలున్నా, తేమ ఎక్కువైతే గొంతులో మంచు పేరుకోగలదు. సిమ్యులేటర్‌లో ఈ మంచు ఐచ్ఛికాన్ని ఆన్ చేస్తే, ఏ హెచ్చరిక దీపమూ వెలగకుండా ఆర్‌పీఎం నెమ్మదిగా జారుతుంది. కార్బ్ హీట్ పిడి లాగితే వేడిగాలి లోపలికి వస్తుంది. వేడిగాలి పలచన కనుక ఇంజిన్ వేగం మొదట ఇంకా తగ్గుతుంది, మంచు కరిగాక పుంజుకుంటుంది. ఆ మొదటి తగ్గుదలకు కంగారుపడి పిడిని మళ్లీ లోపలికి నెట్టేయకుండా ఓపిక పట్టడం పైలట్ నేర్చుకోవాల్సిన విద్య. ఇక్కడ దాన్ని ప్రాణభయం లేకుండా నేర్చుకోవచ్చు.

ఇంజిన్ శక్తిని ప్రొపెల్లర్ తోపుగా మారుస్తుంది. ఒక చుట్టు తిరిగేలోపు విమానం ఎంత ముందుకు పోయిందన్న నిష్పత్తిని బట్టి మరో రెండు పట్టికలు ప్రొపెల్లర్ తినే శక్తినీ ఇచ్చే తోపునూ చెబుతాయి. పైలట్ వైపు నుంచి చూస్తే ప్రొపెల్లర్ కుడికి తిరుగుతుంది; దాని ప్రతిచర్య విమానాన్ని ఎడమకు ఒరగదోస్తుంది. ముక్కు ఎత్తి ఎక్కేటప్పుడు కుడివైపు కిందికి దిగే రేకు ఎక్కువ గాలిని కోస్తుంది కాబట్టి ముక్కు కూడా ఎడమకే లాగుతుంది. తోక చుక్కానిని తిప్పే కుడి రడ్డర్ పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఎంత తొక్కాలన్నది శక్తితోనూ వేగంతోనూ మారుతూ ఉంటుంది.

ఇక పరికరాల పలక. ఇంజిన్‌తో తిరిగే ఒక పంపు గాలిని లాగి, కృత్రిమ దిగంతాన్నీ దిశాసూచికనూ చూపే గైరోస్కోపులను తిప్పుతుంది. వేగంగా తిరిగే బొంగరం తన ఇరుసును వదలనట్టే గైరో కూడా దిక్కు వదలదు. పంపు చెడితే ఆ రెండూ వెంటనే పడిపోవు. చక్రం వేగం మెల్లగా తగ్గుతూ దిగంతం క్రమంగా ఒరుగుతుంది. మలుపు చూపే పరికరం మాత్రం కరెంటు మీద నడుస్తుంది కాబట్టి బతికే ఉంటుంది. అసలు విమానాన్ని రూపొందించినవాళ్లు ముందుచూపుతో చేసిన ఈ ఏర్పాటు, కారణాలను విడివిడిగా కట్టినందువల్ల సిమ్యులేటర్‌లోకీ వచ్చేసింది.

దిశాసూచిక కాలం గడిచేకొద్దీ పక్కకు జరుగుతుంది. పావుగంటకోసారి అయస్కాంత దిక్సూచి చూసి సరిచేయాలి. ఆ దిక్సూచికీ తన తప్పులున్నాయి. భూమి అయస్కాంత రేఖలు నేలలోకి వాలి ఉండటం వల్ల, ఉత్తరార్ధగోళంలో ఉత్తరం నుంచి తూర్పుకు తిరగడం మొదలుపెడితే అది ముందు పడమటికి మళ్లినట్టు చూపిస్తుంది. ఫ్లైట్‌గేర్ ఈ వాలును చోటును బట్టి లెక్కిస్తుంది. నార్వే ఆకాశంలో దిక్సూచి బాగా తడబడుతుంది. అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన దక్షిణాదిలో తక్కువగా తడబడుతుంది.

ఈ సిమ్యులేటర్ విమానంలో ఇంజిన్ తిప్పకముందు చేసే పని కూడా ఉంది. విమానం చుట్టూ నడిచి పిటో తొడుగు తీయాలి, చక్రాల అడ్డుదిమ్మలు తప్పించాలి, ఆయిల్ మట్టం చూడాలి. రెక్కల్లోని ట్యాంకుల అడుగు నుంచి కొంచెం పెట్రోలు చిన్న గ్లాసులోకి దించి చూడాలి. నీరు పెట్రోలు కన్నా బరువు కనుక అడుగున చేరుతుంది. చూడకుండా బయల్దేరితే ఆ నీరు ఇంజిన్‌లోకి పోవచ్చు.

ఈ భాగాలన్నీ కలిసి పనిచేయడం చూడాలంటే మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ బేగంపేట రన్‌వే మీద ఈ విమానాన్ని నిలబెట్టండి. విమానాశ్రయాలు వెలువరించే వాతావరణ నివేదికలను ఫ్లైట్‌గేర్ తీసుకోగలదు. రన్‌వే ఎత్తు సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగులు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలైతే గాలి దాదాపు 5,000 అడుగుల ఎత్తున ఉన్నంత పలచగా ఉంటుంది. సిలిండర్లకు గాలి తగ్గి శక్తి తగ్గుతుంది. ప్రొపెల్లర్ కోసే గాలి తగ్గి తోపు తగ్గుతుంది. రెక్కకు అదే లిఫ్ట్ కావాలంటే నేల మీద ఇంకా వేగంగా పరుగెత్తాలి. మూడూ కలిసి, డిసెంబరు ఉదయం సునాయాసంగా లేచిన విమానం ఇప్పుడు రన్‌వేను చాలా దూరం తినేస్తుంది, లేచాక కూడా బద్ధకంగా ఎక్కుతుంది. ఎండాకాలంలో పరుగు పెరగాలని కోడ్‌లో ఎవరూ రాయలేదు. గాలి సాంద్రత అన్న ఒక్క అంకె మూడు లెక్కల్లోకి వెళ్లి అలా బయటికి వచ్చింది. దిగేటప్పుడూ అంతే. నేలకు రెక్క పొడవు కన్నా దగ్గరికి వచ్చేసరికి ఇంకో పట్టిక పనిచేసి గాలి నిరోధం తగ్గుతుంది. వేగం కాస్త ఎక్కువగా తెచ్చిన పైలట్‌ను దిగనివ్వకుండా విమానం తేలుతూనే పోతుంది.

నిజమైన సెస్నాతో వచ్చే పుస్తకంలో ఏ బరువుకు, ఏ ఎత్తున, ఏ వేడిలో ఎన్ని అడుగుల పరుగు కావాలో పట్టికలుంటాయి. ఆ అడుగులను నేరుగా కోడ్‌లో పెట్టేస్తే పని ఒక పూటలో అయిపోతుంది. ఈ కళలో ఆరితేరినవాళ్లు ఆ పుస్తకాన్ని చివరి పరీక్షగా దాచుకుంటారు. గాలి, పెట్రోలు, లోహం ఎలా ప్రవర్తిస్తాయో మాత్రమే రాసుకుంటూ పోతారు. తేడా వస్తే రెక్క పట్టికలోనో ప్రొపెల్లర్ పట్టికలోనో పొరపాటు వెతుకుతారు. ఎక్కడా రాయని అంకె రన్‌వే మీద తనంతట తానుగా, పుస్తకంలో ఉన్నంతే వచ్చినప్పుడు వాళ్ల పని సరిగ్గా కుదిరినట్టు. అన్ని కారణాలనూ ఓపికగా కట్టుకొచ్చినవాళ్లకు దక్కే ప్రతిఫలం అదే, దానికి తగ్గ గౌరవం మనం ఇవ్వాలి.