ఎరుపు చెప్పే సాక్ష్యం

రసాయన సమతాస్థితి పాఠం రాగానే చెయ్యి ముందుగా కోబాల్ట్ క్లోరైడ్ సీసా మీదికే పోతుంది. గులాబీ ద్రావణంలో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే నీలం, నీళ్లు పోస్తే మళ్లీ గులాబీ. క్లాసంతా చప్పట్లే. కానీ లిట్మస్ కూడా ఆమ్లంలో ఒక రంగు, క్షారంలో ఒక రంగు చూపిస్తుంది కదా. ఇదీ అలాంటిదేనని పిల్లలు అనుకుంటే తప్పు వాళ్లది కాదు. (లిట్మస్ వెనకా సమతాస్థితే ఉందనుకోండి, అది వాళ్లకింకా తెలియదు.) ఈ పాఠంలో మింగుడుపడనిది రంగు మారడం కాదు, చర్య ఆగినట్టు కనిపిస్తున్నా క్రియాజనకాలు మిగిలే ఉంటాయన్న సంగతి. దానికి సాక్ష్యం ఇనుము దగ్గర దొరుకుతుంది.

ఫెర్రిక్ నైట్రేట్, పొటాషియం థయోసయనేట్‌లను బాగా పలచన చేసి కలిపితే లేత ఎరుపు వస్తుంది. దాన్ని మూడు పరీక్షనాళికల్లో పోసి, ఒకదాన్ని పోలిక కోసం పక్కన పెట్టాలి. రెండోదానిలో కొన్ని చుక్కలు ఫెర్రిక్ నైట్రేట్ వేస్తే ఎరుపు చిక్కబడుతుంది. మూడోదానిలో థయోసయనేట్ వేసినా చిక్కబడుతుంది. ఇనుము వేస్తే కొత్త ఎరుపు పుట్టిందంటే, దానితో కలవడానికి థయోసయనేట్ ఇంకా మిగిలి ఉంది. థయోసయనేట్ వేసినా పుట్టిందంటే ఇనుమూ మిగిలి ఉంది. చర్య చివరిదాకా జరిగిపోయి ఉంటే రెండిట్లో ఒక్కటైనా అయిపోయి ఉండాలి. నీళ్ల సంగతి ఇంకా తమాషా. నాళికలో నీళ్లు పోసి పక్కనుంచి చూస్తే రంగు తగ్గుతుంది, పలచబడింది కాబట్టి తగ్గిందని ఎవరైనా అంటారు. పైనుంచి అడుగుకి చూడమనండి. వట్టి పలచబడటమే అయితే, గాఢత తగ్గినంత మేర ద్రవం ఎత్తు పెరిగింది కనుక రంగు అంతే కనిపించాలి. కనిపించదు, వెలిసిపోతుంది. ఎర్ర పదార్థంలో కొంత తిరిగి విడిపోయిందన్నమాట.

అయితే కోబాల్ట్ దండగా అంటే, కాదు. ఉష్ణోగ్రత ప్రభావం చూపడంలో దానికి సాటి లేదు. ఊదారంగు దగ్గర ఆపిన ద్రావణాన్ని వేడినీళ్లలో ఉంచితే నీలం, మంచులో ఉంచితే గులాబీ. కొత్తగా ఒక్క చుక్క వేయలేదు కనుక లిట్మస్ అనుమానమూ రాదు. అది విషపదార్థం, సింకులో పారబోయకూడదు అన్న అభ్యంతరానికి, మూతి బిగించిన ఒకే నాళికను మళ్లీమళ్లీ వాడుకోవడమే జవాబు. రంగు నిలకడగా ఉన్నప్పుడు లోపల రెండు దిశల్లోనూ చర్య సాగుతోందని ఈ ప్రయోగాలేవీ చూపించవనేది ఇంకో అభ్యంతరం. ఒప్పుకోవాల్సిందే, దానికి ఐసోటోపులు కావాలి, పరీక్షనాళిక చాలదు. రెండు ప్రయోగాలూ సీబీఎస్ఈ పదకొండో తరగతి ప్రాక్టికల్స్‌లో ఉన్నవే. ఒక్కదానికే టైముంటే ఎర్రదే చేయించండి.