కొలతలిచ్చి కుట్టించుకున్న బండి

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే వీధులు దాటి లోపలికి వెళితే ఒక చిన్న లేత్ షాపు ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 బైకు కొన్న కొత్తలో ఒక సాయంత్రం బండిని అక్కడికి తోలుకెళ్లాను. హ్యాండిల్ బార్ కింద పెట్టడానికి 20 మిల్లీమీటర్ల ఎత్తున రెండు అల్యూమినియం దిమ్మలు కావాలని అడిగాను. మేస్త్రీ గారు దిమ్మల సంగతి ఎత్తకుండా బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ముందు ఎక్కి కూర్చో బాబూ" అన్నారు. కూర్చున్నాను. "కళ్లు మూసుకుని చేతులు చాచు. హ్యాండిల్‌ని వెతక్కు. చేతులు ఎక్కడికి పోతే అక్కడే ఆపు." నా చేతులు గ్రిప్పుల కంటే పైన, కాస్త వెనక్కి ఆగాయి. ఆయన టేపు పెట్టి చూసి, "20 కాదు, 30 కావాలి. వెనక్కి కూడా ఒక 10 రావాలి" అని చాక్‌పీసుతో బల్ల మీద రాసుకున్నారు. దర్జీ జబ్బ కొలత రాసుకున్నట్టే ఉంది.

పెద్ద బండిని మార్చుకోవడమంటే ఏమిటో ఆ టేపు దగ్గరే నేర్చుకోవడం మొదలుపెట్టాను. చాలామంది మార్పును అలంకారం అనుకుంటారు. నా దృష్టిలో అది కొలతల పని. సగటు మనిషి కోసం తయారైన యంత్రాన్ని ఒక్క మనిషి ఒంటికీ, అతను తిరిగే రోడ్లకూ అమర్చే విద్య.

ఈ పనికి అన్ని బండ్లూ ఒప్పుకోవు. ప్లాస్టిక్ తొడుగుల కింద ఇంజిన్ దాచుకున్న స్పోర్ట్స్ బైకులో ఒక నట్టు అందుకోవాలంటే ముందు పది స్క్రూలు విప్పాలి. తొడుగులు లేని నేకెడ్ బండిలో ఆ బాధ లేదు. గుండ్రని హెడ్‌లైట్, రెండు గడియారాల్లాంటి మీటర్లు, రెక్కలు తీరిన ఇంజిన్, చాలావాటికి స్పోకుల చక్రాలు, వెనక రెండు పక్కలా రెండు షాక్ అబ్జార్బర్లు. ఏది ఎక్కడుందో, ఎందుకుందో కంటికి కనిపిస్తుంది. ట్రయంఫ్ బోన్‌విల్, హోండా సీబీ1100, 1972 నాటి జెడ్1 జ్ఞాపకంగా కవాసాకి తెచ్చిన జెడ్900ఆర్ఎస్, అన్నీ ఈ వంశానివే. పాత రూపం మీద మోజు వీటిని బతికించిందని అంటారు. చేత్తో తాకి, విప్పి, బిగించి చూసుకోగలగడం అంతకంటే పెద్ద కారణమని నేను నమ్ముతాను.

ఈ ఆనవాయితీ పుట్టింది ఇంగ్లండులో. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు పక్కన 1938లో తెరిచిన ఏస్ కేఫ్‌కు మొదట్లో లారీ డ్రైవర్లే పెద్ద గిరాకీ. 1950ల చివరికి అది బైకుల కుర్రాళ్ల అడ్డా అయింది. వాళ్లలో ఎక్కువమంది పనిపాటలు చేసుకునేవాళ్లు. గంటకు 100 మైళ్లు అందుకోవడం వాళ్ల కల. కొత్త రేసు బండి కొనే స్తోమత లేదు కాబట్టి ఉన్నదాన్నే మార్చుకున్నారు. హ్యాండిల్‌ను కిందికి దించారు, ఫుట్‌రెస్టులను వెనక్కి జరిపారు, బరువు తగ్గించారు. ఆ చేతుల్లోంచి వచ్చిన గొప్ప బండి ట్రైటన్. నార్టన్ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజిన్. ఫెదర్‌బెడ్ అనే ఆ ఫ్రేమును బెల్‌ఫాస్ట్‌కు చెందిన మెకాండ్లెస్ సోదరులు రూపొందించారు. రేసర్ హెరాల్డ్ డానియెల్ దాన్ని నడిపి ఈకల పరుపు మీద ఉన్నట్టుంది అన్నాడట, ఆ పేరే నిలిచింది. ఫ్రేములు ఎలా దొరికాయన్నది ఇంకా బాగుంటుంది. 500 సీసీ రేసు కార్లవాళ్లకు నార్టన్ ఇంజిన్ కావాలి. కంపెనీ ఇంజిన్ విడిగా అమ్మదు. వాళ్లు మొత్తం బండి కొని, ఇంజిన్ తీసుకుని ఫ్రేము వదిలేసేవాళ్లు. ఒకరు వదిలేసింది మరొకరికి పునాది అయింది. ఆటోనగర్‌లో పుట్టి పెరిగినవాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంటర్‌సెప్టర్ అన్న పేరు కూడా అక్కడిదే. రెడిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ 1960లలో ఆ పేరుతో పెద్ద ట్విన్ బండ్లు చేసి అమెరికాకు పంపేది. 1955లో ఆ కంపెనీ మద్రాస్ మోటార్స్‌తో చేతులు కలిపింది. 1970కల్లా ఇంగ్లండులో ఉత్పత్తి ఆగిపోయింది, చెన్నైలోని తిరువొత్తియూరులో మాత్రం సాగింది. 2018లో ఆ పేరు చెన్నై నుంచి తిరిగొచ్చింది. 648 సీసీ, రెండు సిలిండర్లు, 47 హార్స్‌పవర్, 200 కిలోలు దాటిన బరువు. ఫ్రేము వెనక బ్రిటన్ రేసు ఫ్రేముల సంస్థ హారిస్ పెర్ఫార్మెన్స్ చెయ్యి ఉంది.

ఈ ఇంజిన్ లోపలి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది చేసే మొదటి తప్పు ఇది తెలియకే. పాత బ్రిటిష్ ట్విన్లలో రెండు పిస్టన్లూ కలిసి లేచి కలిసి దిగేవి. రెండూ ఒకేసారి ఆగడం, ఒకేసారి పరుగెత్తడం వల్ల బండి వణికేది. ఇందులో క్రాంకును 270 డిగ్రీల తేడాతో అమర్చారు. ఒక పిస్టన్ పైకొచ్చి ఆగిన క్షణంలో రెండోది మధ్యలో పరుగు మీద ఉంటుంది. ఒకే రోట్లో ఇద్దరు రోకళ్లు వేస్తున్నప్పుడు చూడండి. ఇద్దరూ ఒకేసారి ఎత్తితే రోలు అదురుతుంది, ఒకరి తర్వాత ఒకరు వేస్తే పని సాఫీగా సాగుతుంది. మిగిలిన వణుకును బ్యాలెన్సర్ షాఫ్ట్ మింగేస్తుంది. మందు పేలే వరుస కూడా సమంగా ఉండదు. ఒకసారి 270 డిగ్రీలకు, తర్వాత 450 డిగ్రీలకు. అందుకే ఆ శబ్దం వెంటవెంటనే రెండు దెబ్బలు, ఆపైన ఒక ఊపిరి అన్నట్టు వినిపిస్తుంది. ఆ లయ పుట్టేది క్రాంకులో. సైలెన్సర్ మార్చితే పెరిగేది గోలే.

నేను అందరికీ మొదట చెప్పే మార్పుకు, అంటే వెనక షాకుల సర్దుబాటుకు, రూపాయి ఖర్చు లేదు. సాయానికి ఇద్దరు మనుషులు, ఒక టేపు, ఒక సీ స్పానర్ చాలు. బండిని సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాల్లో ఉండగా ఇరుసు నుంచి నిటారుగా పైన మడ్‌గార్డ్ మీద పెట్టుకున్న గుర్తు దాకా కొలవాలి. తర్వాత స్టాండు తీసి, హెల్మెట్, జాకెట్ సహా ఎక్కి కూర్చోవాలి. పక్కన ఒకరు బండిని నిలబెడితే ఇంకొకరు మళ్లీ కొలవాలి. ఆ రెండు కొలతల తేడాయే బండి బరువుకూ మన బరువుకూ కలిపి స్ప్రింగు ఎంత కుంగిందో చెబుతుంది. ఇంటర్‌సెప్టర్ వెనక చక్రం మొత్తం కదలిక 88 మిల్లీమీటర్లు. అందులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా కుంగితే సరిపోతుంది. మా బావమరిది బండి పట్టుకుంటే మా అబ్బాయి కొలిచాడు, 36 వచ్చింది. రెండు షాకులనూ చెరో రెండు మెట్లు బిగిస్తే 28కి దిగింది. అంతే. మరుసటి వారం దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే, మలుపులో బండి తోక కుంగి ముందుచక్రం బయటికి జారిపోతున్నట్టుండే ఆ భయం లేదు. వేలకు వేలు పోసి షాకులు మార్చేవాళ్లలో ఎంతమంది ఈ కొలత తీసుకుని ఉంటారు?

స్పోకుల చక్రానిది చెవితో చేసే పని. మేస్త్రీ గారు చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ చిన్న స్పానర్‌తో ఒక్కో స్పోకునూ తాకుతారు. బిగువుగా ఉన్నది "టింగ్" మంటుంది. వదులైనది మొద్దుగా పలుకుతుంది. దాని నిపిల్‌ను పావు చుట్టు తిప్పి, పక్క స్పోకులతో కలిపి మళ్లీ వింటారు. ఒకేసారి గట్టిగా బిగిస్తే రిమ్ము వంకరపోతుంది.

వాల్వుల సర్దుబాటు ఇంకా నాజూకు. ఈ ఇంజిన్‌లో స్క్రూ, లాక్‌నట్ పద్ధతే కాబట్టి ఓపిక ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, రాత్రంతా వదిలేస్తే మంచిది. ఫీలర్ గేజ్ రేకును సందులో పెట్టి లాగితే, పేకముక్కల కట్ట మధ్యలోంచి ఒక్క ముక్క లాగినప్పుడు ఎంత పట్టు తెలుస్తుందో అంతే తెలియాలి. లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ వెంట్రుకవాసి కదులుతుంది. అందుకని బిగించాక మళ్లీ కొలవాలి. ఆ రెండో కొలత తీసే మెకానిక్‌ని వదులుకోకండి.

ఇక వద్దనే మార్పులు. బండి కొత్తలో ఒక గ్యారేజీలో వెనక మడ్‌గార్డ్ తీయించి కురచది వేయించి, చిన్న టెయిల్ ల్యాంపు పెట్టించాను. చూపుకు బాగుంది. వాళ్లు కప్లర్ వాడకుండా వైర్లు కోసి, మెలిపెట్టి టేపు చుట్టారు. వానాకాలం రాత్రి సూర్యాపేట దగ్గర హైవే మీద నా వెనక లైటు ఆరిపోయింది. వెనకొస్తున్న లారీ డ్రైవర్ హారన్ కొట్టి, పక్కన ఆపించి, "లైటు లేదు తమ్ముడూ, ఎవడన్నా గుద్దేస్తాడు" అని హెచ్చరించి వెళ్లాడు. అప్పటి నుంచి నా బండి మీద ఏ వైరునూ కోయనివ్వను. కప్లర్‌తో కలిపేదైతే సరే, లేకపోతే ఆ వస్తువు నాకు వద్దు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. కంపెనీ అసలు నిర్మాణానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆధారంగా సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. ఫ్రేము కోయడం, అనుమతి లేకుండా ఇంజిన్ మార్చడం, గోల సైలెన్సర్లు ఈ గీత దాటేవే. బీఎస్ 6 బండ్లలో పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తీసేయడం అందరి ఊపిరికీ చేసే అపకారం. ఆస్పత్రి పక్కన, పసిపిల్లలు నిద్రపోయే వీధిలో ఖాళీ పైపుతో వెళ్లే హక్కు ఎవరికీ లేదు.

ఆటోనగర్‌లో చేసిన ఆ దిమ్మలు ఇవాళ్టికీ నా బండి మీదే ఉన్నాయి. బిగించిన రోజు హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, క్లచ్ కేబుల్, బ్రేకు గొట్టం ఎక్కడా లాగడం లేదని చూసుకున్నాకే మేస్త్రీ గారు తాళం చేతికిచ్చారు. తీసేసిన అసలు బోల్టులు, మడ్‌గార్డ్, టెయిల్ ల్యాంపు అన్నీ పేర్లు రాసిన సంచుల్లో మా అటక మీద ఉన్నాయి. ఒక ఆదివారం కూర్చుంటే బండి షోరూము నుంచి వచ్చినట్టు అయిపోతుంది.

ఇలాంటి బండి కొనబోయేవారికి ఒక్క మనవి. మొదటి 5000 కిలోమీటర్లు ఏదీ మార్చకండి. ఎక్కడ నొప్పి పుట్టిందో, ఏ రోడ్డు మీద, ఎన్నో గంటకు పుట్టిందో చిన్న పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం, ఒక టేపు పట్టుకుని మంచి మేస్త్రీ దగ్గరికి వెళ్లండి.