తలుపు తెరుచుకోక ముందు

ఉత్కంఠ అనే మాటకు మూలార్థం మెడ నిక్కించి చూడటం. 'ఉత్' అంటే పైకి, 'కంఠం' అంటే మెడ. అష్టవిధ నాయికల్లో ఒకరైన విరహోత్కంఠిత, రావలసిన ప్రియుడు వేళ దాటినా రాక, వాకిలి వైపే చూస్తూ ఉండిపోయే స్త్రీ. దెయ్యం కథ చదివేవాడి పరిస్థితీ దాదాపు అదే. ఆమె వచ్చేవాడు రావాలని కోరుకుంటుంది. ఇతడు మాత్రం రాకూడదని కోరుకుంటూనే వాకిలి మీద నుంచి చూపు మరల్చుకోలేడు. ఆ చూపును అక్కడే ఎంతసేపు కట్టిపడేయగలరన్నదే భయానక కథలు రాసేవాళ్ళ, తీసేవాళ్ళ పనితనం.

ఉత్కంఠ వేరు, ఉలికిపాటు వేరు, జుగుప్స వేరు. చీకట్లోంచి హఠాత్తుగా ఒక ముఖం ముందుకొస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు, అరక్షణంలో తేరుకుంటారు. నెత్తురు, కుళ్ళిన శరీరం చూపిస్తే కలిగేది ఏవగింపు. భరతుడు నాట్యశాస్త్రంలో భయానకాన్నీ బీభత్సాన్నీ రెండు వేర్వేరు రసాలుగా చెప్పాడు. మొదటిదానికి భయం, రెండోదానికి జుగుప్స స్థాయిభావాలు. ఇంగ్లండులో గోథిక్ నవలలు రాసిన ఆన్ రాడ్‌క్లిఫ్ కూడా ఇలాంటి గీతే గీసింది. ఆమె మరణానంతరం 1826లో అచ్చయిన వ్యాసంలో, రాబోయేదాన్ని అస్పష్టంగా ఊహించుకుంటూ మనసు విప్పారే భయాన్ని, కళ్ళెదుటి ఘోరాన్ని చూసి మనసు గడ్డకట్టే భయం నుంచి వేరు చేసింది. దేశాలూ కాలాలూ కలవని ఈ ఇద్దరూ ఒకే తేడాను పట్టుకోవడం గమనించదగ్గది.

భయానక రసానికి భరతుడు చెప్పిన విభావాల్లో, అంటే భయం పుట్టించే కారణాల్లో, వికృతమైన ధ్వనులు, భూతదర్శనం, నక్కల అరుపులు, గుడ్లగూబల కూతలు, శూన్యగృహం, అరణ్యం ఉన్నాయి. వీటిలో కంటికి కనబడే భూతం ఒక్కటే. మిగిలినవన్నీ చెవికి సోకేవి, లేదా ఎవరూ లేని చోట్లు. ఖాళీ ఇంట్లో భయపెట్టే వస్తువేదీ లేదు. లేకపోవడమే అక్కడ భయహేతువు. అనుభావాలుగా, అంటే ఆ భయం పైకి కనబడే తీరులుగా, చెప్పినవి కాళ్ళూ చేతులూ వణకడం, ముఖం రంగు మారడం, గగుర్పాటు, గొంతు తడబడటం. అంటే దెయ్యం ఎలా ఉందన్నదాని కన్నా, దాన్ని చూసిన మనిషి ఎలా అయిపోయాడన్నదే ప్రేక్షకుడికి ముందు అందాలి. భయపడిన ముఖాన్ని ముందు చూపి, అది దేన్ని చూసి భయపడిందో ఆలస్యంగా చూపే సినిమా పద్ధతికి పునాది ఇక్కడే ఉంది.

తెలుగులో నోటితో కథ చెప్పేవాళ్ళకు భాషే ఒక ఆయుధం. వాక్యంలో క్రియ చివర వస్తుంది. జరిగిందో జరగలేదో చివరి మాట దాకా తెలియదు. కర్తను చెప్పకుండానే వాక్యం నడుస్తుంది. పైగా ఏకవచనంలో స్త్రీకీ, జంతువుకీ, వస్తువుకీ క్రియ రూపం ఒకటే. 'అర్ధరాత్రి దాటాక మళ్ళీ లోపలికి వచ్చింది' అని చెప్పి ఆగిపోతే, వచ్చినది కోడలా, పిల్లా, ఇంకేదైనానా అన్నది వినేవాడికి తేలదు. 'వచ్చాడు' అన్న మాటకు ఈ శక్తి లేదు. మన కథల్లో దెయ్యాలు ఎక్కువగా ఆడవి కావడానికి సామాజిక కారణాలు వేరే ఉన్నాయి గానీ, వ్యాకరణం కూడా చెప్పేవాడికి సాయం చేసిందనడంలో సందేహం లేదు.

ఈ అస్పష్టతకు బలమైన ఉదాహరణ ఏ రచయితా రాయని ఒక వదంతి. గత శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఎన్నో తెలుగు ఊళ్ళలో ఇళ్ళ తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని సుద్దతోనో బొగ్గుతోనో రాసి ఉండేది. కన్నడ ఊళ్ళలో ఇదే అర్థంతో 'నాళె బా' అని రాసుకున్నారు. రాత్రిపూట ఒక ఆడ దెయ్యం తలుపు తడుతుందని, ఇంట్లోవాళ్ళకు బాగా తెలిసిన గొంతుతో పిలుస్తుందని, పలికినవాళ్ళు చస్తారని, తలుపు మీది రాత చూస్తే రేపు వద్దామని వెనక్కి వెళ్తుందని జనం చెప్పుకున్నారు. పిలిచేది తెలిసిన గొంతు కావడం ఇందులో అసలు కిటుకు. అపరిచితుడి గొంతయితే తలుపు తీయరు, అంతటితో అయిపోతుంది. అమ్మ గొంతో తమ్ముడి గొంతో అయితే తీయాలనిపిస్తుంది, తీయడానికి భయమేస్తుంది. ఇక 'రేపు' అన్న మాట ప్రమాదాన్ని తప్పించదు. వాయిదా మాత్రమే వేస్తుంది. మర్నాటి రాత్రి మళ్ళీ అదే నిరీక్షణ.

ఎవరికి ఎంత తెలుసు అన్న లెక్క ఇక్కడ మొదలవుతుంది. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రాంస్వా త్రూఫోతో జరిపిన సంభాషణల్లో దీన్ని బాంబు ఉదాహరణతో వివరించాడు. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని ఏదో మామూలు కబుర్లు చెప్పుకుంటుంటే బల్ల కింద బాంబు పేలితే, ప్రేక్షకుడికి దక్కేది 15 సెకన్ల ఆశ్చర్యం. బాంబు ఉందనీ ఎన్ని గంటలకు పేలుతుందనీ ముందే చెప్పేస్తే, అవే కబుర్లకు 15 నిమిషాల ఉత్కంఠ పుడుతుంది. రవిబాబు 2012లో తీసిన 'అవును' ఈ లెక్క మీదే నడుస్తుంది. కొత్తగా పెళ్ళయిన జంట కొత్త ఇంట్లో దిగుతుంది. ఆ ఇంట్లో తన పక్కన ఇంకెవరో ఉన్న సంగతి కొత్త పెళ్ళికూతురు మోహినికి చాలాసేపు తెలియదు, ప్రేక్షకుడికి తెలుసు. ఆమె మామూలు ఇంటిపని చేసుకుంటుంటేనే హాల్లో జనం ఊపిరి బిగబడతారు. దెయ్యం వేషం, మేకప్ ఏమీ అక్కర్లేకుండా, ఆడమనిషిని చాటుగా గమనించే చూపునే భయంగా మార్చింది ఆ సినిమా.

అచ్చులో ఉత్కంఠ నిలిపే పద్ధతులు వేరు. బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా'ను (1897) డైరీలు, ఉత్తరాలు, తంతివార్తలు, పత్రికా కథనాలుగా రాశాడు. ఒక్కో పాత్రకు ఒక్కో ముక్క తెలుసు. ముక్కలన్నీ కలిపి చూడగలిగేది పాఠకుడొక్కడే, కానీ అతడు ఎవరినీ హెచ్చరించలేడు. తెలుగులో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఇంకో దారి పట్టింది. చిన్నపిల్ల తులసి మీద జరిగిన ప్రయోగానికి ఒక పక్క మాంత్రికులు, ఇంకో పక్క డాక్టర్లు తమ తమ భాషల్లో కారణాలు చెబుతారు. ఏది నిజమో తేల్చుకోలేని పాఠకుడు రెండు భయాలనూ ఒకేసారి మోస్తాడు. చేతబడి, బాణామతి అన్న మాటలు అప్పటికే ఊళ్ళలో వాడుకలో ఉన్నవి. కథ కోసం కొత్త నమ్మకాన్ని కల్పించాల్సిన పని రచయితకు లేకపోయింది. అది వారపత్రికలో సీరియల్‌గా రావడం ఇంకో బలం. ప్రతి భాగం చివర 'సశేషం' అన్న మాట పడేది. ఆ మాట ఎక్కడ పడాలో తెలియడం ఆ కాలపు సీరియల్ రచయితల ప్రత్యేక విద్య. చెయ్యి గడియ మీద పడ్డాక, తలుపు కదలక ముందు ఆపాలి. ఆ తర్వాతి ఏడు రోజుల కథ పాఠకుడే అల్లుకుంటాడు. వారపత్రికల సీరియళ్ళు తగ్గిపోవడంతో తెలుగు కథ పోగొట్టుకున్న సాధనాల్లో ఇది ముఖ్యమైనది.

సినిమాకు ఫ్రేము అంచే గడప. దాని అవతల ఏముందో కనబడదు, కానీ వినబడుతుంది. దీన్ని మొదట శ్రద్ధగా వాడుకున్నవాళ్ళలో హాలీవుడ్ ఆర్‌కేఓ స్టూడియో నిర్మాత వాల్ ల్యూటన్ ఒకడు. చేతిలో డబ్బు తక్కువ. కాబట్టి రాక్షసిని చూపించడం కన్నా నీడలు చూపించడమే మేలనుకున్నాడు. జాక్ టూర్నర్ దర్శకత్వంలో 1942లో వచ్చిన 'క్యాట్ పీపుల్'లో ఒక యువతి రాత్రిపూట పార్కు గోడ పక్కన నడుస్తుంటుంది, వెనకాల ఇంకో ఆడమనిషి చెప్పుల చప్పుడు. కాసేపటికి వెనక చప్పుడు ఆగిపోతుంది. ముందున్నామె తిరిగి చూస్తే ఎవరూ లేరు. నడక పరుగవుతుంది. ఏదో మీద పడబోతోందన్న క్షణాన బుస్సుమంటూ బ్రేకు వేసి ఒక బస్సు ఫ్రేములోకి వచ్చి ఆగుతుంది. వచ్చింది మృగం కాదు, బస్సే. ప్రేక్షకుడు మాత్రం అప్పటికే మృగాన్ని విన్నాడు. ఇలాంటి బూటకపు బెదిరింపుకు సినిమావాళ్ళ భాషలో 'బస్సు' అన్న పేరే స్థిరపడిపోయింది. ఇప్పుడు ప్రతి దెయ్యం సినిమాలోనూ పిల్లి దూకుతుంది, కిటికీ రెక్క కొట్టుకుంటుంది. ముందున్న ఆ నడక, ఆ నిశ్శబ్దం లేకుండా బస్సును మాత్రమే అరువు తెచ్చుకోవడం వల్ల అవి పేలవంగా తేలిపోతున్నాయి.

ల్యూటన్ దగ్గర పనిచేసిన రాబర్ట్ వైజ్, షర్లీ జాక్సన్ నవల ఆధారంగా 1963లో 'ది హాంటింగ్' తీశాడు. గది లోపల ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఉంటారు, బయట గోడల మీద ఏదో బాదుతూ దగ్గరికొస్తుంటుంది. మరో దృశ్యంలో చెక్క తలుపు ఊపిరి పీల్చినట్టు లోపలికి ఉబ్బుతుంది. సినిమా పూర్తయ్యేదాకా దెయ్యం ఒక్కసారి కూడా కనబడదు. 'జాస్' (1975) చిత్రీకరణలో యంత్రపు సొరచేప మాటిమాటికీ మొరాయించడంతో స్పీల్‌బర్గ్‌కు అదే దారి పట్టక తప్పలేదు. చేపకు బదులు నీటి మీద తేలే పసుపు పీపాలు, జాన్ విలియమ్స్ కట్టిన రెండు స్వరాల సంగీతం భయపెట్టాయి. స్వరాల వేగం పెరిగితే చేప దగ్గరవుతోందని అర్థం. ప్రేక్షకుడు చెవితోనే దూరం కొలుస్తాడు.

కూబ్రిక్ 'ది షైనింగ్'లో (1980) చిన్న పిల్లాడు ఖాళీ హోటల్ వరండాల్లో మూడు చక్రాల బండి తొక్కుతాడు. చెక్క నేల మీద చక్రాలు గరగరమంటాయి, తివాచీ మీదికి రాగానే చప్పుడు మాయమవుతుంది. ఆ రెండింటి మధ్య తేడాయే గుండె దడకు చాలు. బండి వెనక నేలకు దగ్గరగా సాగే కెమెరా, పిల్లాణ్ణి వెంటాడేదాని కన్నులా తోస్తుంది. రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి'లో (1992) కూడా కదిలే కెమెరాయే దెయ్యం. ఇంటి మలుపుల్లో అది మెల్లగా సాగుతుంటే, ఈ చూపు ఎవరిదన్న ప్రశ్న పుడుతుంది. రేవతి ముఖం ఆ ప్రశ్నను మోస్తుంది. కోడి రామకృష్ణ 'అరుంధతి' (2009) హంగూ ఆర్భాటాల సినిమా. అందులోనూ ఎక్కువగా వెంటాడేది గారడీ దృశ్యాలు కావు, సమాధి లోపల నుంచి వినవచ్చే పశుపతి గొంతు. ఆ పాత్రకు డబ్బింగ్ చెప్పిన రవిశంకర్ కంఠం, మూతపడిన రాళ్ళ వెనక నుంచి వచ్చినంతసేపూ ఆ రాళ్ళే గుమ్మం.

మన సినిమాలకు ప్రత్యేకంగా రెండు చిక్కులున్నాయి, పాటలు, ఇంటర్వెల్. గంటసేపు కూడగట్టిన బిగువు ఒక యుగళగీతంతో కరిగిపోతుంది. వర్మ హిందీలో తీసిన 'భూత్'లో (2003) పాటలే పెట్టలేదు. ఇంటర్వెల్‌ను మాత్రం తీసేయడం కుదరదు కాబట్టి, పాతకాలపు 'సశేషం' పనిని దానికి అప్పగిస్తారు. హాస్యం ఇంకో చిక్కు. 'ప్రేమకథా చిత్రమ్' (2013), 'గీతాంజలి' (2014) విజయాల తర్వాత దెయ్యమూ నవ్వూ విడదీయరానివన్నట్టు తయారైంది. భయానికి ముందొచ్చే నవ్వు ప్రేక్షకుణ్ణి ఏమరుపాటులో ఉంచి మేలు చేస్తుంది. భయం పండిన వెంటనే వచ్చే నవ్వు దాన్ని చంపేస్తుంది. 'మసూద' (2022) నవ్వుల మీద ఆధారపడకుండా, ఒంటరి తల్లి, ఆమె కూతురు, పక్కింటి పిరికి యువకుడు ఎలాంటివాళ్ళో చెప్పడానికి మొదట చాలా సమయం తీసుకుంటుంది. కొందరికి అది సాగతీతగా తోచినా, తర్వాతి భాగంలో అతడు వేసే ప్రతి అడుగుకూ బరువు వచ్చింది ఆ సమయం వల్లనే. తెలియని మనిషికి జరగబోయే కీడు ఎవరినీ మెడ నిక్కించి చూడనివ్వదు.

చివరికి తలుపు తీయాలా వద్దా అన్నది అన్నిటికన్నా కఠినమైన ప్రశ్న. స్టీఫెన్ కింగ్ 'డాన్స్ మకాబ్రే'లో (1981) తోటి రచయిత విలియం నోలన్ అన్న మాటను గుర్తు చేస్తాడు. తలుపు వెనక పది అడుగుల పురుగు ఉంటే చూసినవాడు కెవ్వుమంటాడు గానీ, వంద అడుగుల పురుగు కానందుకు లోలోపల ఊరట పడతాడు. కింగ్ మాత్రం ఎప్పటికో ఒకప్పుడు తలుపు తీసి చూపించే రచయితలవైపే మొగ్గాడు. డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ 1902లో రాసిన 'ది మంకీస్ పా' కథ ఈ రెండు దారులనూ కలిపేసింది. యంత్రంలో పడి నలిగి చనిపోయిన కొడుకు తిరిగి రావాలని, కోరికలు తీర్చే కోతి చెయ్యిని తల్లి తన భర్త చేత కోరిస్తుంది. రాత్రి వీధి తలుపు చప్పుడవుతుంది. తల్లి పరుగున వెళ్ళి పై గడియ అందక కుర్చీ లాక్కుంటుంది. వచ్చినది ఏ రూపంలో ఉంటుందో ఊహించగలిగిన తండ్రి, చీకట్లో నేల తడుముతూ కోతి చెయ్యి కోసం వెతుకుతుంటాడు. గడియ కిర్రుమంటుంది, అతడి చేతికి అది దొరుకుతుంది, మూడో కోరిక కోరేస్తాడు. చప్పుడు ఆగిపోతుంది. జేకబ్స్ ఆ తలుపును నిజంగానే బార్లా తెరిచాడు. చలిగాలి లోపలికి వస్తుంది, తల్లి ఏడుపు వినిపిస్తుంది. ఎదురుగా వీధి దీపం మిణుకుమంటోంది, దారి మీద ఎవరూ లేరు.