ఏకాంతం ఎవరిది? వేడినీటి బుగ్గలూ, 'మంచుదేశ'మూ

మన యాత్రారచయితలకు మిక్కిలి ప్రియమైన మాట ఒకటుంది: ఏకాంతం. కొండ ఎక్కినా, అడవి చొచ్చినా, ఏటి ఒడ్డున కూచున్నా ముందుగా కలం నుంచి జారేది ఆ మాటే. "జనసంచారం లేని చోటు" అని రాసిన రచయితే రెండు పేరాలు గడిచాక తనకు దారి చూపిన మనిషిని గురించీ, పొయ్యి రాజేసి చాయ కాచి ఇచ్చిన ముసలమ్మను గురించీ రాస్తాడు. మరి వాళ్లు జనం కారా? ఇది మాటల పొరపాటు కాదు, చూపులో ఉన్న లోపం. ఆ లోపం ఎక్కడిదో తెలుసుకోవడానికి మన గోదావరి లోయలోని వేడినీటి బుగ్గలనూ, జపాను కొండల్లోని ఒక వేడినీటి ఊరిని గురించిన ప్రసిద్ధ నవలనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు మన బుగ్గల సంగతి. వరంగల్లు నుంచి డోర్నకల్లు దాకా పెద్ద రైలుమార్గం. అక్కడ చీలిన శాఖ కారేపల్లి మీదుగా కొత్తగూడెం చేరి, మణుగూరు దాకా సాగుతుంది. కొత్తగూడెం స్టేషన్ పేరు 'భద్రాచలం రోడ్'. రాముడి గుడి మాత్రం అక్కడికి దూరంగా, గోదావరి ఆవలి గట్టున ఉంది. బోర్డు మీద ఉన్నది దేవుడి పేరు, పట్టాల మీద నడిచేది బొగ్గు. మణుగూరు దగ్గరి పగిడేరులో భూమి లోపలి నుంచి వేడినీరు ఉబికి వస్తుంది. బొగ్గు పొరల కోసం వేసిన బోర్లలోంచి మోటారు లేకుండానే నీళ్లు తన్నుకొచ్చాయి. గోదావరి లోయ పగుళ్లు బారిన ప్రాచీన భూభాగం. వాననీరు ఆ పగుళ్ల వెంట లోతుకు దిగి, భూగర్భంలోని వేడికి కాగి, మళ్లీ పైకి వస్తుంది. అందులో మహిమ ఏమీ లేదు. ఇటీవలి సంవత్సరాల్లో కేంద్ర బొగ్గు శాఖ నిధులతో సింగరేణి సంస్థ అక్కడ 20 కిలోవాట్ల భూతాప విద్యుత్తు యంత్రాన్ని ప్రయోగాత్మకంగా నెలకొల్పింది.

భద్రాచలానికి చేరువలోనే గుండాల ఉంది. అక్కడ గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది. బ్రహ్మ విష్ణు మహేశ్వరులు చలికాలంలో అక్కడ స్నానం చేశారని స్థలపురాణం. ఆ కథను మనం ఎగతాళి చేయనక్కరలేదు. చలికి వణికే మనిషి, తన వంటికి హాయినిచ్చిన నీళ్లను దేవతలకు కూడా కోరదగినవిగా ఊహించుకున్నాడు. కథ పుట్టుకలో మనిషి ఉన్నాడు. ఆ కథను తిరిగి చెప్పే నేటి యాత్రావ్యాసాలలోనే మనిషి మాయమయ్యాడు. స్థలపురాణం ఒక పేరా, ప్రకృతి ఒడి ఒక పేరా, వసతి సౌకర్యాలు ఒక పేరా: ఇంతే. ఆ చుట్టుపక్కలవి కోయగూడేలని గాని, ఆ భూముల కోసమే 1970లో ఒకటవ రెగ్యులేషన్ రావలసి వచ్చిందని గాని, ఆ చట్టం ఉండగానే భూములు చేతులు మారుతూ వచ్చాయని గాని వాటిలో కనిపించదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారిలోని బాటలూ, బస్తీలూ, జనం తీరుతెన్నులూ శ్రద్ధగా రాసుకున్నాడు. ఆయన భక్తుడే, పరిపాలకుల కొలువులో పనిచేసినవాడే. అయినా మనుషులు కంట పడ్డారు. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత మన చూపు అంతకన్నా ఇరుకు కావడం విచారకరం.

ఇక జపాను సంగతికి వద్దాం. ఆ దేశంలో వేడినీటి బుగ్గలు వేలల్లో ఉన్నాయి. విలాసయాత్రికుల కన్నా ముందు వాటిని ఎరిగినవారిలో రైతులు ముఖ్యులు. నాట్లు అయ్యాకో, కోతలు ముగిశాకో ఇంటి నుంచి బియ్యం మూటగట్టుకుని కొండల్లోని బుగ్గ దగ్గరికి పోయి, తామే వండుకుంటూ రోజుల తరబడి ఉండేవారు. నడుము వంచి పనిచేసిన మనిషి నడుము చాపుకునే చోటు అది. ఎనిమిది గంటల పనిదినం కోసం పోరాడిన వర్గానికి విశ్రాంతి విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. కనుక వేడినీటి స్నానం బూర్జువా భోగమని తీసిపారేయడం తొందరపాటు. దాన్ని భోగంగా మార్చింది ఎవరన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఒక జవాబు యాసునారి కవాబాతా రాసిన 'మంచుదేశం'లో ఉంది. 1935 నుంచి పత్రికలలో భాగాలుగా వెలువడి, 1937లో పుస్తకంగా వచ్చి, 1948లో తుదిరూపం పొందిన నవల అది. ఎడ్వర్డ్ సైడెన్‌స్టికర్ ఇంగ్లీషు అనువాదం 1956లో వచ్చింది. 1968లో కవాబాతాకు నోబెల్ బహుమతి లభించింది. నీగాతా ప్రాంతపు కొండల్లోని యుజావా ఈ కథకు ఆధారం. రచయిత అక్కడి సత్రంలో బస చేసి రాశాడు. నవలలో ఊరి పేరు చెప్పడు.

హనుమకొండలో కొందరు విద్యార్థులతో కలిసి ఈ నవల చదివినప్పుడు రెండు వాదాలు వచ్చాయి. తాతల ఆస్తి తినే సోమరి, కొండల్లోని పేద గేషాతో కాలక్షేపం చేయడమే కథ అయినప్పుడు మనకిది ఎందుకని ఒక విద్యార్థి అడిగాడు. ఇంత సౌందర్యంలో వర్గం వెతకడమే మోటుతనమని మరొక విద్యార్థిని అన్నది. ఇద్దరూ నవలను సగమే చదివారని నా అభిప్రాయం.

కథానాయకుడు షిమామురా టోక్యో వాసి. వారసత్వపు డబ్బు మీద బతుకుతాడు. యూరపు బాలే నాట్యాన్ని గురించి వ్యాసాలు రాస్తాడు, ఆ నాట్యాన్ని మాత్రం ఎన్నడూ కళ్లారా చూడలేదు. పుస్తకాల్లోనూ, బొమ్మల్లోనూ చూసి రాయడమే అతనికి ఇష్టం. నిజమైన నర్తకి చెమటోడుస్తుంది, ఆయాసపడుతుంది. అది అతనికి పనికిరాదు. కోమాకో అనే గేషాను కూడా అతను ఇలాగే చూడగోరుతాడు. ఆమె డైరీ రాస్తున్నది. పదిహేను పదహారేళ్ల వయసు నుంచి చదివిన ప్రతి కథ పేరూ, పాత్రల పేర్లూ నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నది. కొండల్లో సరైన గురువు లేక, అచ్చయిన స్వరలిపి చూసి ఒంటరిగా సాధన చేసి కఠినమైన షామిసెన్ కృతులు నేర్చుకున్నది. ఇది విన్న షిమామురాకు తట్టే మాట ఒక్కటే: వృథా ప్రయాస.

నవలకు ఇదే కీలకం. చూడని నాట్యాన్ని గురించి వ్యాసాలు రాసేవాడు, చేతి వేళ్లు నొచ్చేలా సాధన చేసిన మనిషిని చూసి వృథా అంటున్నాడు! ఆ మాట పక్కనే కవాబాతా ఆమె వాయిద్యాన్ని వినిపిస్తాడు. వింటున్న షిమామురా ఒళ్లు జలదరిస్తుంది, తాను ఓడిపోయినట్టు అనుకుంటాడు. వృథా ఎవరి బతుకో పాఠకుడికి తెలిసిపోతుంది. బాల్జాక్ తన రాజకీయ అభిమానాలకు విరుద్ధంగా కూడా సత్యాన్ని చిత్రించాడని ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన లేఖలో గుర్తించాడు. మొదటి విద్యార్థి నాయకుడి చూపునే నవల చూపు అనుకున్నాడు. అక్కడే పొరబడ్డాడు.

రెండవ విద్యార్థిని మెచ్చిన సౌందర్యాన్నీ పరిశీలిద్దాం. నవల మొదట్లోనే రైలు పొడవాటి సొరంగం దాటి మంచులోకి వస్తుంది. అది 1931లో తెరిచిన షిమిజు సొరంగం, పొడవు సుమారు 9.7 కిలోమీటర్లు. కూలీలు ఏళ్ల తరబడి కొండను తొలిస్తే టోక్యో వాసికి ఏకాంతం టికెట్టు కొనుక్కునే వస్తువైంది. నవల చివరి భాగంలో చిజిమి అనే నారబట్ట ప్రస్తావన వస్తుంది. మంచు మూసిన నెలల్లో పల్లెపడుచులు వడికి, నేసి, మంచు మీద పరిచి తెల్లబరిచే బట్ట అది. దాన్ని నేసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు, బట్ట మాత్రం మిగిలింది. షిమామురా తన పాత చిజిమి వస్త్రాలను ఏటేటా మళ్లీ ఆ మంచుకే పంపి తెల్లబరిపించుకుంటాడు. ఆ చల్లదనం వేసవిలో అతని వంటికి హాయి. రైలు, బట్ట, షామిసెన్ నాదం: నవలలో మెరిసే ప్రతి వస్తువూ ఒకరి పని ఫలితమే. ఈ సంగతి తెలిసినంత మాత్రాన నవల అందం తగ్గదు, దాని వేళ్లు కనిపిస్తాయి.

ఇంత చెప్పి కవాబాతా పరిమితిని దాచడం విమర్శ కాదు. కోమాకో జబ్బుమనిషి వైద్యపు ఖర్చుల కోసం గేషా అయిందని ఊళ్లో చెప్పుకుంటారు. ఆమె ఒప్పందానికి కట్టుబడిన మనిషి. 1934లో ఈశాన్య జపానులో పంటలు పోయి, బీద రైతులు కూతుళ్లను అమ్ముకున్న రోజులవి. నవలలో అప్పు ఉంది, అప్పు ఇచ్చినవాడు కనిపించడు. దుఃఖం ఉంది, దానికి కారణం మంచులాగా ఆకాశం నుంచి పడుతుంది. పుస్తకం వచ్చిన 1937లోనే జపాను సైన్యం చైనాపై పూర్తిస్థాయి యుద్ధానికి దిగింది. ఆ చప్పుడు ఈ లోయలో వినబడదు.

అదే కాలపు మరొక రచయిత కూడా కొండల్లోని వేడినీటి ఊరికి పోయాడు. 'పీతల ఓడ' నవల రాసిన తకిజి కొబయాషి 1931లో అత్సుగి దగ్గర నానసావాలోని ఒక సత్రంలో దాగి, కార్మిక సంఘ నిర్మాతను గురించిన నవల రాశాడు. పోలీసుల కళ్లు తప్పించుకుని వచ్చిన మనిషికి అన్నం పెట్టి చోటిచ్చిన ఆ సత్రంవారికి ఏకాంతం అంటే మరొక అర్థం. 1933 ఫిబ్రవరి 20న పోలీసుల చిత్రహింసలకు ఆయన మరణించాడు. అప్పటికి ఆయన వయసు 29. ఆ తర్వాత రెండేళ్లకు 'మంచుదేశం' మొదటి భాగం అచ్చయింది. ఒక దేశపు సాహిత్యంలో మౌనం ఎలా ఏర్పడుతుందో ఈ రెండు తేదీలను కలిపి చదివితే బోధపడుతుంది.

ఇప్పుడు మన లోపం కూడా చెప్పుకోవాలి. సౌందర్యవాది శ్రమను చూడకుండా అందాన్ని రాస్తాడని అన్నాం. మనలో చాలామంది శ్రమజీవిని రాసేటప్పుడు అతని కష్టాన్నే రాస్తాం, పనిలో అతని నేర్పునూ, తీరికలో అతని ఆనందాన్నీ వదిలేస్తాం. షిఫ్టు దిగిన గని కార్మికుడు వేడినీళ్లు ఒంటి మీద పోసుకున్నప్పటి సుఖం మన కథల్లో ఎన్నిచోట్ల ఉంది? కోయపిల్ల తన వాళ్ల పాట పాడుతూ ఎలా నేర్చుకున్నదో ఎవరు రాశారు? కోమాకో నోటుపుస్తకాలంతటి శ్రద్ధతో మనం ఒక్క గూడేన్ని గురించైనా రాసిపెట్టామా? ఆ పని చేయకుండా కవాబాతాను నిందిస్తే ఆ నింద మనకే తగులుతుంది.

అందుచేత విద్యార్థి మిత్రులకు నా సూచన చిన్నది. 'మంచుదేశం' చదవండి. షిమామురా కళ్లతో కాదు, కోమాకో నోటుపుస్తకం తెరిచి చదవండి. ఆ తర్వాత మణుగూరు రైలెక్కి పగిడేరు వెళ్లండి. నీటిలో చెయ్యి పెట్టి వేడి చూసి వెంటనే తిరిగిరాకండి. ఆ బోరు ఎవరు వేశారో, ఆ నీరు ఏ పొలానికి పారుతున్నదో, ఆ పొలం పట్టా ఎవరి పేరున ఉన్నదో, దున్నేది ఎవరో అడిగి రాసుకోండి. పొద్దుగూకాక ఆ ఊళ్లో ఎవరు పాడుతారో, ఏం పాడుతారో అదీ అడగండి. అవన్నీ రాశాక కూడా ఆ చోటును ఏకాంతం అనాలని మీకు అనిపిస్తే, అప్పుడు ఆ మాట వాడుకోవచ్చు.