చంపకుండా లోపలికి రావచ్చా?

డాలస్ నుంచి సెలవు మీద వచ్చిన మా అన్న కొడుకు ఈ వారం రెండు లావుపాటి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడు. రెండింటి మీదా ఒకటే పేరు: డన్జన్స్ అండ్ డ్రాగన్స్, ప్లేయర్స్ హ్యాండ్‌బుక్. ఒకటి 2014ది, ఇంకోటి 2024ది. "ఆట అదే చిన్నాయినా, పైసలు మాత్రం రెండుసార్లు" అని వాడి ఏడుపు.

బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట అది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో తలా ఒక పాత్ర అవుతారు. వేసిన దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికా వాళ్లు మూడు చిన్న పుస్తకాలుగా పెట్టెలో పెట్టి అమ్మారు. మొదట వేసినవి వెయ్యి పెట్టెలే. అప్పటి నుంచి రూల్సు మారుతూనే ఉన్నాయి. 2000 దాకా కవచానికి అంకె ఎంత తగ్గితే అంత గట్టిదన్నమాట. ఆ ఏడు దాన్ని తలకిందులు చేసి, అంకె పెరిగితేనే గట్టిదన్నారు. ఇదేదో బుద్ధున్న మార్పే అనిపించింది నాకు. 2008లో మాత్రం ఎంత మార్చారంటే, చాలామంది అలిగి, పాత రూల్సు మీదే కట్టిన పాత్‌ఫైండర్ అనే వేరే ఆటకు మరుసటేడే వెళ్లిపోయారు.

ఇక నా పాత పాట మొదలవుతుంది. అట్ట మీద రూల్సు అచ్చేసిన ఆట సగం చచ్చిన ఆట. క్యారమ్ బోర్డు వెనక అంటించే కాగితాన్ని ఇదే కాలమ్‌లో తిట్టిపోశాను. మన పచ్చీసును ఇంగ్లండు వాళ్లు లూడో చేసి పేటెంటు తీసుకున్నారని, గవ్వలు పీకేసి పాచిక పెట్టి మళ్లీ మనకే అమ్మారని ఎన్నిసార్లు రాశానో. అదే అష్టాచెమ్మ చూడండి. బొగ్గుతో అడ్డం ఐదు, నిలువు ఐదు గళ్లు, నాలుగు గవ్వలు, తలా నాలుగు కాయలు. చింతగింజలో, గాజుముక్కలో ఏవైనా సరే. పుస్తకంతో పనేముంది?

ఇదే వాడికి చెప్పబోతుంటే ఒక శివరాత్రి గుర్తొచ్చింది.

వదిన మాకు డిండి అవతలి మనిషి, కల్వకుర్తి దిక్కు. దేవరకొండలో మా ఇంటికి కోడలుగా వచ్చిన ఏడు జాగారానికి అరుగు మీద అష్టాచెమ్మ గీశారు. ఎదురుగా మా పెద్దమ్మ. నాలుగు గవ్వలూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగు. అన్నీ బోర్ల పడితే అష్ట, ఎనిమిది. ఏది పడ్డా ఇంకోసారి వెయ్యాలి. ఇందులో పేచీ లేదు. వదిన కాయ బయటి వరుస చుట్టొచ్చి లోపలి గళ్లలోకి తిరిగింది. పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఒక్కదాన్నన్న సంపకుంట లోపలికెట్ల వస్తవే?"

"మా ఇంట్ల గట్లనే వస్తం అత్తమ్మా."

"అయితె మీ ఇంట్లనే ఆడుకో."

కాసేపటికి పెద్దమ్మకు వరుసగా మూడోసారి అష్ట పడింది. ఈసారి చెయ్యి పట్టుకున్నది వదిన. వాళ్ల లెక్కలో మూడు పడితే మూడూ పోయినట్టే. శివుడికి దండం పెట్టుకునే తీరిక ఆ రాత్రి ఎవరికీ దొరకలేదు.

చూడ్డానికి చిన్న తేడాలే. కానీ చంపితేనే లోపలికి అన్నచోట అందరూ వేటగాళ్లే, చంపరాని, గీతలు కొట్టిన ఇండ్లలో ఎంతసేపు దాక్కున్నా పని కాదు. చంపకున్నా రావచ్చంటే అలా దాక్కుని దాక్కుని నడిచినవాడే గెలుస్తాడు. గళ్లు అవే, గవ్వలు అవే, ఆట మాత్రం వేరు.

అసలు సంగతి తర్వాతిది. కొన్నేండ్లకు పెద్దమ్మ ఇదే అన్న కొడుకుతో, అప్పుడు వాడు నిక్కరు పిల్లగాడు, అష్టాచెమ్మ ఆడుతోంది. వాడి కాయ లోపలి గళ్ల గడప దగ్గర ఆగిపోవడంతో వాడు ఏడుపు అందుకుంటే, "రా బిడ్డా, సంపకున్నా రావొచ్చు" అంది. నేను నోరు తెరిచాను. "ఎప్పటికెల్లి మనింట్ల గిదే ఆట" అని ఒట్టు పెట్టింది. కాదనడానికి నా దగ్గర ఏ కాగితముంది?

అందుకే రెండు పుస్తకాలకు వాడు ఏడుస్తుంటే నాకు జాలి పోయింది. వాడు పాత దుకాణంలో 1989 నాటి పుస్తకం కూడా కొన్నాడట. నలుగురు దొరికితే ఈ రాత్రే ఆ రూల్సుతో ఆడగలడు. 2023 జనవరిలో ఈ ఆట అమ్మే కంపెనీ, తన రూల్సు మీద ఇతరులు ఆటలు కట్టుకోవడానికి ఇచ్చిన లైసెన్సును బిగించబోతే ఆడేవాళ్లు తిరగబడ్డారు. కంపెనీ వెనక్కి తగ్గి, మూల నియమాలను ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ కింద వదిలేసింది. ఏది పోతోందో చూపించడానికి వాళ్ల చేతిలో పాత మాట రాతలో ఉంది. మా ఇంట్లో ఆట మారిన రోజు పెద్దమ్మకే గుర్తు లేదు.

నోటుబుక్కు తీసి రాయడం మొదలుపెట్టాను. గళ్లు, గవ్వలు, చెమ్మ, అష్ట. చంపుడు దగ్గరికొచ్చి పక్కగదిలో ఉన్న వదినను అడిగాను.

"సంపాలనే రాస్కో. కాని పైన మీ ఇంటి ఆట అని రాయి. మాది నేను యాడాది కిందనే రాసి పెట్టిన."